కంప్యూటరు కొనబోయే తల్లిదండ్రులకు నాలుగు మాటలు

(మందమర్రిలో జరిగిన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

సెక్రటరీ సాబ్ మమ్మల్ని "విద్య" అనే విషయం మీద మాట్లాడమన్నారు. విద్య గొప్పదనాన్ని గురించి ఈ వేదిక మీద ప్రతి ఏటా ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు, మనం విని చప్పట్లు కొడుతూనే ఉన్నాము. అందుచేత ఈసారి ఆ పెద్ద మాటలు పక్కన పెట్టి ఒక చిన్న వస్తువును గురించి మాట్లాడదలచాము. ఆ వస్తువు ల్యాప్‌టాప్ కంప్యూటరు. ఇదేమి విషయమని కొందరు నవ్వుకోవచ్చు. కాని మన ఇండ్లలో పెండ్లి ఖర్చు, ఇంటి ఖర్చు తరువాత ఒక్కసారిగా చేతి నుండి పోయే పెద్ద మొత్తం ఈ రోజుల్లో ఇదే. తెలిసి ఖర్చు పెట్టేవారు తక్కువ, దుకాణదారు చెప్పినదానికి తలూపి వచ్చేవారు ఎక్కువ. తలూపినవారిలో మేమూ ఒకరం.

మేము కంప్యూటర్ ఇంజనీరులం కాము. ఇరవై ఏండ్లుగా ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకుంటున్న మాస్టర్లం. అటువంటి మేము ఉర్దూలో గాక తెలుగులో మాట్లాడుతున్నందుకు పెద్దలు మన్నించాలి. ఈ మాటలు సావనీరులో అచ్చయితే చదవవలసిన మన పిల్లల్లో చాలామంది ఉర్దూ విని అర్థం చేసుకుంటారే గాని చదవలేరు. తెలుగు చదువుతారు. అది వేరే బాధ, దాన్ని గురించి మరోసారి చెప్పుకుందాము.

మన ఊరి సంగతి తమకు తెలియనిది కాదు. మన తాతలు తట్టా చెమ్మస్ పట్టి బాయి దిగినవారు. తండ్రి తరువాత కొడుకుకు బాయిలో పని దొరుకుతుందనే భరోసా ఒకప్పుడు ప్రతి క్వార్టరులో ఉండేది. ఇప్పుడా భరోసా మీద కూర్చునే పిల్లలు లేరు. ఎంసెట్ (ఇప్పుడు దాన్ని ఈఏపీసెట్ అంటున్నారు) సీట్లు వచ్చే రోజుల్లో ఏ ఇంటికి పోయినా "కంప్యూటర్ సైన్సు" అనే మాటే వినబడుతుంది. సీటు వచ్చిన వారం రోజులకు తండ్రి మా దగ్గరకు వస్తాడు. "మాస్టర్ సాబ్, ల్యాప్‌టాప్ కావాలంట. ఏది తీసుకోవాలె?" అంటాడు.

మూడేండ్ల క్రితం అలాగే ఒక పెద్దమనిషి వచ్చారు. పేరు చెప్పము. ముప్పై ఏండ్లకు పైగా అండర్‌గ్రౌండులో పని చేసి దిగిపోయినవారు. వారి అమ్మాయి మా బడిలో పదవ తరగతి వరకు ఉర్దూలో చదివి, తరువాత ఇంగ్లీషులో కష్టపడి నెగ్గుకొచ్చి, బి.టెక్. కంప్యూటర్స్‌లో చేరింది. ఆయన రిటైర్మెంట్ డబ్బులో నుండి డెబ్బయి నాలుగు వేలు తీసి, "మీరు తోడు రండి, నాకు సమజ్ కాదు" అన్నారు. మేము తోడు పోయాము. దుకాణంలో ఒక పెద్ద యంత్రం చూపించారు. కీబోర్డు కింద రంగురంగుల దీపాలు వెలుగుతున్నవి. "ఇది గేమింగ్ మోడల్ సార్, దీనికి మించిన పవర్ లేదు, ఇంజనీరింగ్ పిల్లలకు ఇదే" అన్నాడు. పవర్ ఎక్కువైతే మంచిదే కదా అని మేమూ "తీసుకోండి భాయ్" అన్నాము. అమ్మాయి ఏదో అడగబోయింది. పెద్దలు మాట్లాడుతున్నారని ఊరుకుంది. ఆమె ఏమి అడగబోయిందో మేము అడిగి ఉండవలసింది.

ఆ యంత్రం బరువు రెండున్నర కిలోలు. దాని చార్జరు దాదాపు ఇటుక పెళ్లంత, అది ఇంకో ముప్పావు కిలో. అమ్మాయి రోజూ బస్సులో కాలేజీకి పోయి వచ్చేది. పుస్తకాలు, నీళ్ల సీసా, టిఫిను డబ్బాతో కలిపి భుజాన ఆరేడు కిలోలు. సీటు దొరకని రోజు అంత బరువుతో గంటసేపు నిలబడాలి. రెండు నెలలు మోసింది, తరువాత ఇంట్లోనే వదిలి పోసాగింది. కాలేజీలో ప్రాజెక్టు పని స్నేహితురాలి కంప్యూటరు ఖాళీ అయినప్పుడు చేసుకునేది. ప్రాజెక్టు చూపించవలసిన రోజున మాత్రం మోసుకుపోయింది. ఆమెను కూర్చోబెట్టిన చోట ప్లగ్గు లేదు. తన వంతు వచ్చేసరికి గంటన్నర గడిచింది, బ్యాటరీ అయిపోయింది. పరీక్షకులు మంచివారు గనుక మరునాడు రమ్మన్నారు. ఇదంతా ఎనిమిది నెలల తరువాత మాకు తెలిసింది. "అప్పుడే ఎందుకు చెప్పలేదు బేటీ?" అంటే, "అబ్బా పైసలు పెట్టి కొన్నారు సార్, బాగలేదని ఎట్ల చెప్పాలె?" అన్నది. ఆ మాట విన్న తరువాత మాకు నిద్ర పట్టలేదు. ఆ నాటి నుండి ఈ విషయాన్ని పాఠం చదివినట్లు చదివాము. అడిగి తెలుసుకున్నాము. ఈనాడు చెప్పేది ఆ చదువే.

సోదరులారా! బాయి దిగేవారికి ఈ లెక్క మేము చెప్పనక్కరలేదు. షిఫ్టుకు పోయే ముందు ల్యాంపు రూములో క్యాప్ ల్యాంపు తీసుకుంటారు కదా. తల మీద దీపం, నడుముకు బ్యాటరీ. ఆ దీపానికి ఉండవలసిన గుణాలేమిటి? పని చేసే చోట చాలినంత వెలుగు ఇవ్వాలి. షిఫ్టు అయ్యేదాకా ఆరిపోరాదు. నడుముకు కట్టుకొని నడిచేంత బరువే ఉండాలి. దుమ్ముకు, తేమకు, దెబ్బకు తట్టుకోవాలి. ఫుట్‌బాల్ మైదానానికి వేసే ఫ్లడ్‌లైటుకు వెలుగు ఎక్కువే, కాని దాన్ని నెత్తిన పెట్టుకొని ఎవరూ బాయి దిగరు. మేము ఆ అమ్మాయికి ఫ్లడ్‌లైటు కొనిపెట్టాము.

కంప్యూటరును మోసుకుపోవాలనే ఆలోచన కొత్తది కాదు. 1981లో అమెరికాలో ఆడమ్ ఆస్బర్న్ అనే ఆయన "ఆస్బర్న్ 1" అనే యంత్రాన్ని అమ్మకానికి పెట్టాడు. మోసుకుపోగల కంప్యూటర్లలో జనం బాగా కొన్న మొదటిది అదేనంటారు. ఆయన చిన్నతనం గడిచింది తమిళనాడులోని తిరువణ్ణామలైలో. 2003లో చనిపోయింది కూడా కొడైకెనాల్‌లోనే. ఆ యంత్రం బరువు 11 కిలోలు, తెర 5 అంగుళాలు, జ్ఞాపకశక్తి 64 కిలోబైట్లు, లోపల బ్యాటరీ లేనే లేదు. ధర 1795 డాలర్లు. కుట్టుమిషను పెట్టెలాగా ఉండేది. ఈనాడు కిలో, కిలోన్నర బరువులో అంతకు లక్షల రెట్లు జ్ఞాపకశక్తి గల యంత్రం దొరుకుతున్నది. అయినా మనం బరువు చూసుకోకుండా కొంటే తప్పు మనదే.

మన జిల్లా ముచ్చట కూడా ఒకటి చెప్పాలి. 2008లో బాసరలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు, పదవ తరగతి మార్కుల మీద పల్లె పిల్లలను చేర్చుకొని ఒక్కొక్కరికి ఒక ల్యాప్‌టాప్ చేతికిచ్చారు. అప్పుడు బాసర మన ఆదిలాబాద్ జిల్లాలోనిదే. ఇంట్లో టీవీ కూడా సరిగా లేని పిల్లలు ఆ యంత్రం పట్టుకొని చదువుకున్నారు. వస్తువు చేతిలో ఉంటే పిల్లవాడికి ఎంత ధైర్యం వస్తుందో అందరికీ అప్పుడు తెలిసింది. సర్కారు ఇవ్వని చోట తండ్రి కొనాలి. కొనేటప్పుడు చూడవలసినవి వరుసగా చెబుతాము, పిల్లలు కాగితం మీద రాసుకోండి.

మొదటిది బరువు. రోజూ మోసేవారికి యంత్రం కిలోన్నరకు మించరాదు. చార్జరును కూడా కలిపి తూచాలి. ఇప్పుడు చాలా యంత్రాలు టైప్-సీ పిన్నుతో, 65 వాట్ల చిన్న చార్జరుతో చార్జి అవుతున్నవి. అదే చార్జరుతో ఫోను కూడా చార్జి చేసుకోవచ్చు. తెర 14 అంగుళాలది మధ్యస్థంగా ఉంటుంది. 13కు పోతే ప్రోగ్రాము వరుసలు ఇరుకవుతాయి, 16కు పోతే సంచి బరువవుతుంది. మంచిర్యాలలో రైలెక్కి సికింద్రాబాదు పోయే పిల్లవాడు జనరల్ పెట్టెలో ఒడిలో పెట్టుకొని పని చేయగలడా అని ఆలోచించండి.

బరువు చూడడం సోమరిపోతుల పని అనుకోవద్దు. లైనక్స్ అనే పెద్ద సాఫ్ట్‌వేరుకు మూలపురుషుడైన లైనస్ టోర్వాల్డ్స్ 2022లో దాని 5.19 సంచికను విడుదల చేసినప్పుడు, ఆ పని ఒక పలుచని ల్యాప్‌టాప్ మీద నుండి చేశానని స్వయంగా రాశాడు. ప్రయాణంలో తేలికగా మోయగలిగిన యంత్రం కావాలని ఆయన చాలాకాలంగా అంటున్నవాడే. అంతటివాడికి అక్కరలేని రంగుల దీపాలు మన పిల్లలకెందుకు?

రెండవది బ్యాటరీ. దుకాణంలో "పది గంటలు వస్తుంది" అంటారు. ఆ మాట నమ్మవద్దు, లెక్క వేయండి. ఇది ఏడవ తరగతి లెక్క. బ్యాటరీ మీద "వాట్ అవర్" అనే అంకె ఉంటుంది. అది 50 అనుకోండి. ప్రోగ్రాము రాసుకుంటూ ఉంటే చిన్న యంత్రం సుమారు 8 నుండి 10 వాట్లు తింటుంది. యాభైని పదితో భాగిస్తే 5 గంటలు. అదే గేమింగ్ యంత్రం ఊరికే ఉన్నా 20 వాట్లు తినగలదు, పనిలో పెడితే ఇంకా ఎక్కువ. అదే బ్యాటరీ రెండున్నర గంటలకు, కొన్నిసార్లు అంతకంటే ముందే ఖాళీ. మా అమ్మాయికి జరిగింది ఇదే. ఆ లెక్క ఆనాడు దుకాణంలో వేయనందుకు లెక్కల మాస్టర్లమైన మేము సిగ్గుపడుతున్నాము.

మూడవది ప్రాసెసర్. యంత్రానికి ఇది మెదడు. దీని దగ్గరనే మోసపోయేవారు ఎక్కువ. "ఐ5 సార్, ఐ7 సార్" అంటారు, మనం తృప్తి పడతాము. దీన్ని చదవాలంటే మన ఉర్దూ చదువు పనికొస్తుంది. కుడి నుండి ఎడమకు చదవాలి. ఉదాహరణకు "ఐ5-1235యు" అని ఉందనుకోండి. చివరి అక్షరం ముందు చూడండి. "యు" ఉంటే తక్కువ కరెంటుతో నడిచేది, దాని మూల లెక్క 15 వాట్లు. "హెచ్" ఉంటే 45 వాట్ల లెక్కతో బరువు పనికి చేసినది, వేడీ ఎక్కువే. తరువాత అంకెలు చూడండి. 1235లో మొదటి 12 అంటే పన్నెండవ తరం. 8250 అని ఉంటే ఎనిమిదవ తరం. అన్నింటికంటే చివర "ఐ5" చూడండి. పాత తరం ఐ7 కంటే కొత్త తరం ఐ5 చాలాసార్లు మెరుగు. ఈమధ్య "కోర్ అల్ట్రా" అని పేర్లు మారినవి, అయినా చివరి అక్షరం చూసే పద్ధతి అక్కడా పనికొస్తుంది.

ఏఎమ్‌డీ వారి రైజెన్‌లో ఇంకో కిటుకు ఉన్నది. ఏడు వేల వరుసలో మూడవ అంకె దాని లోపలి నిర్మాణం చెబుతుంది. "రైజెన్ 5 7520యు", "రైజెన్ 5 7530యు" రెండూ పక్కపక్కన పెడితే కవలల్లాగా ఉంటాయి. కాని మొదటిది 2019లో వచ్చిన జెన్ 2 నిర్మాణం మీద, నాలుగు కోర్లతో చేసినది. రెండవది జెన్ 3, ఆరు కోర్లు. ఒక్క అంకె తేడా, పనిలో చాలా తేడా. ప్రోగ్రాము రాసి దాన్ని యంత్రం భాషలోకి మార్చే పనిని కంపైల్ చేయడమంటారు. ఆ పనిలో కోర్లు ఎక్కువగా ఉంటే నలుగురు కూలీలు చేసే చోట ఆరుగురు చేసినట్లు.

నాలుగవది ర్యామ్. ఇది పని బల్ల వంటిది. బల్ల చిన్నదైతే ఒక పుస్తకం తీసి లోపల పెట్టి ఇంకోటి తెచ్చుకోవాలి. 8 జీబీతో పాఠాలు నేర్చుకోవచ్చు, చిన్న ప్రోగ్రాములు రాయవచ్చు. కాని ఫోన్లకు యాప్‌లు తయారు చేసే ఆండ్రాయిడ్ స్టూడియో, దానితో పాటు కంప్యూటరులోనే ఉత్తుత్తి ఫోనును నడిపించే ఎమ్యులేటరు, ఇంకో పక్క బ్రౌజరు తెరిస్తే 8 జీబీ యంత్రం ఎక్కడికక్కడ ఆగిపోతుంది. సాఫ్ట్‌వేరు పని చేయదలచినవారికి 16 జీబీ కావాలి. ఇక్కడొక ప్రశ్న తప్పక అడగాలి: "ర్యామ్ తరువాత పెంచుకోవడానికి ఖాళీ స్లాటు ఉన్నదా, లేక బోర్డుకే అతికించి ఉన్నదా?" పలుచని యంత్రాల్లో చాలావాటికి అతికించే ఉంటుంది. అటువంటిది 8 జీబీతో కొంటే నాలుగేండ్లు దానితోనే కాపురం. స్లాటు ఉంటే ఇప్పుడు ఎనిమిదితో కొని, డబ్బు చేతికొచ్చినప్పుడు ఇంకో ఎనిమిది వేయించుకోవచ్చు. అయితే 2025 చివరి నుండి ప్రపంచమంతటా ర్యామ్ ధరలు బాగా పెరిగినవి గాన, తరువాత చౌకగా వస్తుందిలే అనుకోవద్దు.

ఐదవది డిస్కు. ఎస్‌ఎస్‌డీ ఉండాలి, 512 జీబీ ఉంటే నిశ్చింత. పాత తిరిగే డిస్కు ఉన్న యంత్రం ఎంత చౌకగా వచ్చినా, దాన్ని తీసి ఎస్‌ఎస్‌డీ వేయించే ఖర్చు ముందే కలుపుకోండి.

ఆరవది తెర, కీబోర్డు. కంటికీ వేలికీ పని ఇక్కడనే. తెర మీద 1920 చుక్కల వెడల్పు, 1080 లేక 1200 చుక్కల ఎత్తు అని ఉంటుంది. 1200 ఉన్నది పదకొండు శాతం ఎత్తు ఎక్కువ. ప్రోగ్రాము పై నుండి కిందికి చదివేది గనుక ఆ నాలుగు వరుసలు ఎక్కువ కనపడినా మేలే. పక్క నుండి చూస్తే రంగు మారిపోని ఐపీఎస్ తెర అడగండి. దుకాణంలో పది నిమిషాలు నిలబడి టైపు చేసి చూడమని పిల్లలకు చెప్పండి. చెప్పులు కొనేటప్పుడు నాలుగడుగులు నడిచి చూస్తాము, దీనికి సిగ్గెందుకు?

ఏడవది హైదరాబాదువారికి తెలియనిది, మనకు మాత్రమే తెలిసినది. వేడి, బొగ్గు దుమ్ము. చాలా కంపెనీలు తమ యంత్రాన్ని 35 డిగ్రీల వేడి వరకు వాడమని పత్రాల్లో రాస్తాయి. మన దగ్గర మే నెలలో 45 దాటుతుంది. రేకుల ఇంట్లో సంగతి అడగనే వద్దు. వేడెక్కిన ప్రాసెసరు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. డెబ్బయి వేలు పెట్టి కొన్న వేగం మధ్యాహ్నం పూట ముప్పై వేల యంత్రం వేగానికి దిగుతుంది. అందుచేత ఎక్కువ వాట్లు తినే యంత్రం మన వాతావరణానికి ఇంకా పనికిరాదు. పరుపు మీద, దుప్పటి మీద పెట్టి వాడితే కింద గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. చెక్క పలక మీద పెట్టాలి. కిటికీల మీద రోజూ నల్లటి పొడి తుడుచుకునే మన ఇండ్లలో ఆ పొడి ఫ్యాను లోపలికి కూడా పోతుంది. ఆరు నెలలకోసారి వెనుక మూత విప్పించి దులిపించండి. ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంచేవారు, సెట్టింగులో చార్జింగును 80 శాతం దగ్గర ఆపే వీలుంటే పెట్టుకోండి. వేడిలో నిండుగా ఉన్న బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది.

ఇప్పుడు మాకు ఎదురయ్యే ప్రశ్నలకు వస్తాము.

"ఫోను ఉన్నది కదా, అది చాలదా?" అంటారు. పాఠం వినడానికి చాలును, పని చేయడానికి చాలదు. వంట వీడియో చూసినంత మాత్రాన పొయ్యి లేని ఇంట్లో అన్నం ఉడకదు.

"అదే పైసలకు పెద్ద కంప్యూటరు, అంటే డెస్క్‌టాప్ ఎక్కువ పవర్‌తో వస్తుంది కదా?" అంటారు. నిజమే. ఇంట్లో నుండి కదలని పిల్లలకు అదే మంచిది. చెడిపోయిన భాగం మార్చుకోవచ్చు, వేడికీ తట్టుకుంటుంది. కాని కాలేజీ, హాస్టలు, ఇల్లు తిరిగేవారికి కాదు. ఎవరి తిరుగుడును బట్టి వారు ఆలోచించుకోవాలి.

"ఏఐ చదువుతున్నాను, పెద్ద గ్రాఫిక్స్ కార్డు కావాలి" అని కొందరు పిల్లలు తండ్రులను ఒత్తిడి చేస్తారు. బేటా, నేర్చుకునే దశలో గూగుల్ వారి కోల్యాబ్‌లో కొంతమేరకు ఉచితంగానే ఆ పని చేసుకోవచ్చు. ప్రోగ్రాములు రాసుకోవడానికి గిట్‌హబ్ కోడ్‌స్పేసెస్ అని ఒకటున్నది, అందులోనూ నెలకు కొన్ని గంటలు ఉచితం. పెద్ద యంత్రం ఎక్కడో ఉంటుంది, మన చేతిలో చిన్నది ఉంటే చాలు. ఇంటర్నెట్టు మాత్రం బాగుండాలి. ఆటలు ఆడుకోవడానికి కావాలంటే నిజం చెప్పి అడుగు, తండ్రి ఇష్టముంటే కొంటాడు.

"ఆపిల్‌ది మంచిదంట కదా?" అంటారు. మాక్‌బుక్ ఎయిర్ తేలికైనది, బ్యాటరీ ఎక్కువ సేపు వస్తుంది, అందులో ఫ్యానే లేదు గనుక మన బొగ్గు పొడి బాధ తక్కువ. ఐఫోను యాప్‌లు తయారు చేయాలంటే మాక్ తప్పనిసరి. కాని ధర ఎక్కువ, తరువాత ర్యామ్ పెంచే వీలు లేదు. చేతిలో ఉన్నవారు కొనండి. అప్పు చేసి మాత్రం వద్దు.

ఇక డబ్బు సంగతి. అందరూ కొత్తదే కొనాలనే నియమం లేదు. పెద్ద కంపెనీలు మూడు నాలుగేండ్లు వాడి తీసేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ వంటి ఆఫీసు యంత్రాలను బాగు చేసి అమ్ముతారు. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఇటువంటి దుకాణాలు ఎన్నో ఉన్నవి. గట్టి యంత్రాలు, మంచి కీబోర్డు. అయితే మూడు పరీక్షలు చేయకుండా డబ్బు ఇవ్వవద్దు. ఒకటి, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ వారి మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కాలంటే ఇంటెల్‌లో సుమారుగా ఎనిమిదవ తరం లేక ఆ తరువాతిది ఉండాలి. ఆరో ఏడో తరం యంత్రాన్ని "ఐ7" అని చూపి అంటగడితే తీసుకోకండి. రెండు, పవర్‌సీఎఫ్‌జీ అనే ఆజ్ఞతో బ్యాటరీ రిపోర్టు తీయించండి. పుట్టినప్పుడు ఎంత బలం, ఇప్పుడెంత బలం రెండూ అందులో అంకెలతో వస్తాయి. సగానికి పడిపోతే కొత్త బ్యాటరీ ధర తగ్గించి ఇమ్మనండి. మూడు, తెర, కీబోర్డు, కెమెరా, అన్ని రంధ్రాలు అక్కడే చూసుకొని బిల్లు, గ్యారంటీ కాగితం తీసుకోండి. విండోస్ కొనలేనివారు ఉబుంటు వంటి లైనక్స్ ఉచితంగా వేసుకోవచ్చు. సాఫ్ట్‌వేరు నేర్చుకునేవారికి అది లోపం కాదు, ఇంకొంత చదువు.

"నో కాస్ట్ ఈఎంఐ, వడ్డీ లేదు" అనే బోర్డు చూసి మనవారు సంతోషిస్తారు. వడ్డీ అంటే మనకు భయం గనుక ఆ మాట తీయగా ఉంటుంది. కాని 2013 సెప్టెంబరులోనే రిజర్వు బ్యాంకు వారు సున్నా వడ్డీ అనేది అసలు లేనిదని, దాన్ని ఏదో ఖర్చు పేరుతో లోపల కలిపి తీసుకుంటారని బ్యాంకులకు రాశారు. చాలాచోట్ల నగదుకు ఇచ్చే తగ్గింపు ఈఎంఐకి ఇవ్వరు, పైగా ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది. "నగదు అయితే ఎంత, కంతులైతే మొత్తం ఎంత?" అని రెండు అంకెలు కాగితం మీద రాయించుకోండి. తేడా ఎంతో అదే దాని అసలు పేరు.

ఇంతసేపు చెప్పి ఆ అమ్మాయి సంగతి ముగించకపోతే బాగుండదు. విషయం తెలిసిన తరువాత మేము సంఘం పెద్దలతో మాట్లాడాము. ఇరవై ఎనిమిది వేలు కర్జె హసనాగా ఇప్పించాము. ఈసారి అమ్మాయినే ముందు నడవమని మేము వెనుక నడిచాము. ఆమె కాగితం మీద ఏడు ప్రశ్నలు రాసుకొని వచ్చింది. దుకాణదారును వరుసగా అడిగింది. కిలోన్నర లోపు బరువున్న, 16 జీబీ ర్యామ్ ఉన్న, వాడి బాగు చేసిన ఒక ఆఫీసు యంత్రాన్ని తానే ఎంచుకుంది. ఆనాడు మొదటి దుకాణంలో ఏమి అడగబోయావని అడిగితే, "బరువు ఎంత అని అడగబోయిన సార్" అన్నది. ఇప్పుడు దాన్ని రోజూ తీసుకుపోతున్నది. పాత పెద్ద యంత్రం ఇంట్లో బల్ల మీద ప్లగ్గులో ఉండి తమ్ముళ్ల చదువుకు పనికొస్తున్నది. తండ్రి నెలకు రెండు వేల చొప్పున సంఘం డబ్బు పూర్తిగా తిరిగి కట్టారు. ఆ డబ్బుతోనే ఇంకో అబ్బాయికి కొనిచ్చాము.

కాబట్టి సంఘం పెద్దలకు మా మనవి మూడు మాటలలో. ఒకటి, ఈ తిరిగి వచ్చే డబ్బును వేరే ఖాతాలో ల్యాప్‌టాపుల కొరకే ఉంచండి. ఒకరు కట్టినది ఇంకొకరికి పోవాలి. రెండు, సంఘం గదిలో రెండు డెస్క్‌టాపులు పెట్టించండి. ఏమీ కొనలేని పిల్లలు సాయంత్రం వచ్చి నేర్చుకుంటారు. ఆదివారాలు వచ్చి కూర్చోవడానికి మేము సిద్ధంగా ఉన్నాము. మూడు, హైదరాబాదులోను, బయటి దేశాలలోను సాఫ్ట్‌వేరు పని చేస్తున్న మన ఊరి పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు, కొత్తగా చేరిన పిల్లలతో ఒక్క పూట కూర్చునే ఏర్పాటు చేయండి. మాకు మూడేండ్లు పట్టిన చదువు వారు గంటలో చెప్పగలరు.

తల్లిదండ్రులకు చివరి మాట. డబ్బు మీది, నిర్ణయం మీది. కాని మోసేది పిల్లలు. దుకాణంలో బేరం మొదలుపెట్టే ముందు పక్కకు పిలిచి, "నీకేం కావాలె? ఎక్కడ కూర్చొని చేస్తవ్? ఎట్ల తీసుకుపోతవ్?" అని అడగండి. ముఖ్యంగా ఆడపిల్లలను అడగండి. వారు అడగనిదే చెప్పరు.